తెర మీద తువ్వాలు

దిగిన తర్వాత 41వ ఏడు, మే 2

గాలి బోర్డు ఉత్తర్వు ప్రకారం కొత్త పనికి ఈ పనిపుస్తకం మొదలుపెడుతున్నాను. గాలి గది యంత్రం మీద చెయ్యి వేసిన ప్రతి మేస్త్రీ ఆ రోజు ఏం చేశాడో సాయంత్రానికి రాసి దస్త్రంలోకి పంపాలి. ఇరవై రెండేళ్లుగా పంపుతూనే ఉన్నాను. మర్నాడు పొద్దున ఆరూ పదికి పుట కింద "అందింది" అని ముద్ర పడుతుంది. అంతకుమించి ఎవరూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఎవరూ చదవరని ఖాయమయ్యాక నిజం రాయడం ఎంత సులువో చెప్పలేను.

నా పేరు షేక్ మస్తాన్‌వలి. చదువరి మేస్త్రీని. తెర మీద ఉన్నదాన్ని కళ్లు లేనివాళ్లకి చదివి వినిపించే యంత్రాన్ని మేం చదువరి అంటాం. అందరూ వాడే ప్రోగ్రాముల్లో అది దానంతటదే పలుకుతుంది. ఎవరికి వాళ్లు సొంతంగా కట్టించుకున్న ప్రోగ్రాముల్లో మాత్రం మూగబోతుంది. అక్కడ దాని చేత నోరు విప్పించడం నా వృత్తి.

పైన ఈ రోజు యాభై ఎనిమిది డిగ్రీలంట. ఎండ భరించలేక మా పెద్దలు పిడుగురాళ్ల సున్నపురాయి గనుల్లోకి దిగి నలభై ఏళ్లు దాటింది. కింద తొమ్మిది వీధులు, అన్నిటికీ కలిపి ఒకటే గాలి గొట్టం. అందరికీ ఒకేసారి చాలదు కాబట్టి, వెనకటికి పైన కాలవ నీళ్లు ఇచ్చినట్టే ఇక్కడ గాలికీ వంతులు. అప్పుడు కాలవ గేట్లు ఎత్తి దించేవాళ్లని లస్కర్లు అనేవాళ్లు. గాలి గేట్లు చూసేవాళ్లకి కూడా ఆ పేరే నిలిచిపోయింది.

పొద్దుటి లస్కరు సువార్తమ్మ. పన్నెండో ఏట కళ్లలో సున్నం పడి చూపు పోయింది. పంతొమ్మిదేళ్లుగా పాత ప్రోగ్రాం మీద చదువరితో గాలి వంతులు నడుపుతోంది. ఈ నెల ముప్పై ఒకటిన పాతదాన్ని ఆపేసి, "ప్రాణదర్శిని" అనే కొత్తదాన్ని పెడుతున్నారు. ముప్పయ్యో తారీకున బోర్డు ముందు సువార్తమ్మ ఒంటరిగా కూర్చుని తొమ్మిది వీధులకీ వంతు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆమెకి గౌరవ విశ్రాంతి. ఆ కుర్చీ తప్ప ఆమెకి వేరే లోకం లేదని బోర్డులో అందరికీ తెలుసు, అందుకే గౌరవ అనే మాట ముందు తగిలించారు.

మే 3

ప్రాణదర్శిని చూశాను. చాలా అందంగా ఉంది. అదే దాని జబ్బు.

నా పని తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను (ఎవరూ చదవరనుకోండి). తెర మీద ప్రతి మీటనీ చదువరి మూడు ప్రశ్నలు అడుగుతుంది: నీ పేరేంటి, నువ్వేం చేస్తావు, ఇప్పుడు ఎలా ఉన్నావు. పద్ధతిగా కట్టిన ప్రోగ్రాంలో మీటలు బుద్ధిగా జవాబిస్తాయి. ప్రాణదర్శినిలో మీటలే లేవు. మీటల్లా కనిపించే బొమ్మ ఒకటి మొత్తం తెరంతా గీసి పెట్టారు. చదువరి ఎన్నిసార్లు అడిగినా ఒకటే సమాధానం: "చిత్రం. ఖాళీ."

బోర్డు కార్యదర్శి పున్నారావు గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన సొరుగులోంచి బంగారు అంచు కాగితం తీసి చూపించాడు.

"అందరికీ అందుబాటు అని సర్టిఫికెట్ వచ్చింది కదండీ మస్తాన్ గారూ. మొదలవగానే ఆడగొంతుతో స్వాగతం కూడా పలుకుతుంది."

"స్వాగతం పలికాక, సార్?"

"స్వాగతం పలికాక ఇంకేం కావాలండీ?"

సువార్తమ్మకి విషయం చెప్పాను. ఆమె తన ఇత్తడి చెంబులో నీళ్లు తాగుతూ విని, "నువ్వు పలికిస్తావులే" అంది. మొండిమనిషి. కుదరదేమో అన్న మాట ఆమె చెవికి ఎక్కదు.

మే 5

ప్రాణదర్శినిని తయారు చేసింది పైన చలికొండల్లో ఉన్న కంపెనీ. అక్కడ దాని బాధ్యత నిహారిక అనే ఇంజనీరుది. ఫోనులో మర్యాదగానే మాట్లాడింది. పేర్లు లేవని చెబితే, రెండు గంటల్లో పంపిస్తానంది. అన్నట్టే పంపింది. బొమ్మని చూసి వర్ణించే యంత్రం ఒకటి ఉందట, యాభై నాలుగు మీటలకీ దాని చేత పేర్లు పెట్టించింది.

చదువరి పెట్టుకుని విన్నాను. "లేత నీలం నేపథ్యంలో ఒక ఆకు. ప్రశాంతతను సూచిస్తోంది." అది ఆరో వీధి గేటు మూసే మీట. "ఉదయిస్తున్న సూర్యుడు, ఆశావహ దృశ్యం." అది ప్రమాద గంట.

"అమ్మా, ఇందులో ఏది నొక్కితే ఆరో వీధికి గాలి ఆగుతుందో నువ్వు చెప్పగలవా?" అని అడిగాను.

"సార్, ఆకు..." అని ఆగింది. తర్వాత, "వర్ణన చాలా సహజంగా వచ్చింది కదా అనుకున్నాను" అంది.

పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా. అసలు పేర్లు ప్రోగ్రాం లోపలే పెట్టమని బతిమాలాను. మేనేజరు చివర్లో చూద్దామన్నాడట. చివర్లో అంటే ఎప్పుడో ఆమెకీ తెలియదు.

మే 9

లోపల పేర్లు పెట్టనప్పుడు బయట చీటీలు కట్టడమే మార్గం. తెర మీద ఫలానా చోట ఉన్నది ఫలానా వీధి గేటు అని చదువరికి ఒక పట్టిక రాసిస్తాను. అది ఆ చోటుని చూసి నా చీటీ చదువుతుంది. ఇది పేదవాడి వైద్యం, వేరే దిక్కు లేదు.

ఏ మీట ఏం చేస్తుందో కనుక్కోవడానికి మధ్యాహ్నం లస్కరు బ్రహ్మయ్య దగ్గర కూర్చున్నాను. ఆయనకి కళ్లు లక్షణంగా ఉన్నాయి. పదిహేను రోజులుగా ప్రాణదర్శిని మీద తర్ఫీదు పొందుతున్నాడు.

"ఇదేంటి బ్రహ్మయ్యా?"

"అదా, ఆ పక్కది."

"దాని పేరు?"

"పేరెందుకయ్యా? కనపడతంది గదా. ఆ గుండ్రటి దాని పక్కనుండేది."

చూపున్నవాళ్లు ఏ వస్తువుకీ పేరు పెట్టుకోరు, వేలు పెట్టి చూపిస్తారు. వేలితో చూపించినదాన్ని చదువరికి ఎలా వినిపించను? నేనూ చూపున్నవాణ్ణే కాబట్టి ఈ తిట్టులో నా వాటా నాకుంది. ముప్పై చీటీలు కట్టాను.

మే 12

యాభై నాలుగు చీటీలూ పూర్తి. ఇవాళ పరీక్షించాను.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. నాకు పని నేర్పిన హనుమాయమ్మ గారు మొదటి రోజే చేతిలో గళ్ల తువ్వాలు పెట్టారు. పరీక్ష చేసేటప్పుడు తెర మీద తువ్వాలు కప్పాలి. వినపడేది తప్ప మరేదీ నమ్మకూడదు. "లోపల ఏముందో చూడాలనిపిస్తే చూడకు, అడుగు" అనేవారు. అంటే, నాలుగో వీధి గేటు తెరిచాననుకుంటే, తెర వైపు చూడకుండా నాలుగో వీధికి ఫోను చేసి గాలి వచ్చిందా అని అడగాలి.

తెర మీద తువ్వాలు కప్పి ఒక్కో చీటీ దగ్గరికి వెళ్లాను. "నాలుగో వీధి, తెరువు" అంది చదువరి. ఎందుకో అనుమానం వచ్చింది. వీధి వాళ్లకి ఫోను చేస్తే వాళ్లు తీరిగ్గా గొట్టం దగ్గరికి పోయి చెయ్యి పెట్టి చూసి చెప్పాలి. ఒక్కో వీధికీ అరగంట పడుతుంది. తువ్వాలు అంచు ఒక్క క్షణం ఎత్తి చూశాను. నాలుగు అంకె అక్కడే ఉంది. సరిపోయింది. మిగిలినవీ అలాగే కానిచ్చాను. సాయంత్రానికి పని అయిపోయింది.

మే 14

ఇవాళ జరిగింది రాయకుండా ఉంటే బాగుండేది. అయినా రాస్తాను.

పొద్దున సువార్తమ్మ మొదటిసారి ప్రాణదర్శిని మీద నిజం వంతులు నడిపింది. ఆమె పద్ధతి వేరు. గేటు తెరవగానే, గాలి గది నుంచి ఆ వీధికి వెళ్లే మాటల గొట్టం మూతి మీద చెంబుతో రెండు దెబ్బలు కొడుతుంది. గొట్టంలో "అందిందా?" అంటుంది. అవతల వీధిపెద్ద "అందింది" అని చెప్పేదాకా తర్వాతి పనికి పోదు. ఊళ్లో పిల్లల నుంచి తూకం వేసే కాటా యంత్రాల దాకా అందరూ నేర్చుకున్న మాట ఆ "అందింది". తెర మీద పచ్చదీపం వస్తుంది కదా, గొట్టం ఎందుకని మిగతా లస్కర్లు ఆ అలవాటు మానేసి చాలా ఏళ్లయింది.

మూడు వీధులు బాగానే నడిచాయి. నాలుగో వీధి వంతు వచ్చింది. చదువరి "నాలుగో వీధి, తెరువు" అంది. ఆమె నొక్కింది. చెంబు కొట్టింది.

"అందిందా?"

"అందలా."

మళ్లీ నొక్కింది. మళ్లీ అడిగింది. ఈసారి గొట్టంలో అరుపు: "అందలా సువార్తమ్మా, అందలా. పిల్లలకి ఆయాసం వస్తంది."

నేను తెర వైపు చూశాను. రెండో వీధి గేటు రెండోసారి తెరుచుకుంటోంది. అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. వంతు నడుస్తున్నప్పుడు ప్రాణదర్శినిలో వరసలు కదులుతాయి. గాలి ఎక్కువ కావలసిన వీధి దానంతటదే పైకి ఎక్కుతుంది, మిగతావి కిందికి జరుగుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నా చీటీలు మాత్రం పాత చోటే కూర్చుని పాత పేర్లు చదువుతున్నాయి. నేను తువ్వాలు ఎత్తి చూసినప్పుడు ఏ వంతూ నడవడం లేదు, అందుకే నాలుగు అంకె నాలుగో చోట ఉంది. ఆ రోజు వంతు నడుస్తుండగా వీధికి ఫోను చేసి అడిగి ఉంటే, అరగంటలో తప్పు బయటపడేది.

నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి, తడుముకోకుండా గోడ దగ్గరికి నడిచి, అన్ని గేట్లూ ఒకేసారి తెరిచే ఇనప పిడి రెండు చేతులతో లాగింది. నాలుగో వీధికి గాలి పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. నలుగురికి తలతిప్పు వచ్చింది. వీధి చివరి గూట్లో రెండు కోళ్లు చచ్చిపోయాయి.

మే 15

విచారణ. పున్నారావు గారు మధ్యలో, బోర్డు సభ్యులు నలుగురు అటూ ఇటూ.

నేను చెప్పేద్దామనే వెళ్లాను. కానీ నాకంటే ముందు సువార్తమ్మని పిలిచారు.

"చెయ్యి తప్పిందయ్యా" అంది. "పక్క మీట నొక్కా. రాసుకోండి."

నిక్షేపంలాంటి అబద్ధం. ఆమె చెయ్యి పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి తప్పలేదు. నాకు నోట మాట రాలేదు. రాలేదని రాస్తున్నాను గానీ, తెచ్చుకోలేదనడం సరైన మాట. సువార్తమ్మని ముప్పయ్యో తారీకు దాకా కుర్చీకి దూరంగా ఉండమన్నారు. పరీక్ష మాత్రం పెడతారట, నియమం ఉంది కాబట్టి. పొద్దుటి వంతులు కూడా బ్రహ్మయ్యకే ఇచ్చారు.

బయటికి వచ్చాక వరండాలో ఆమె నా పక్కనుంచే వెళ్లింది. చెంబు చేతిలోనే ఉంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆమె తిట్టనందుకే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

మే 17

దస్త్రం ముద్ర యంత్రం కూడా చెడినట్టుంది. నిన్నటి నుంచి నా పుటల కింద "అందింది" పడటం లేదు. ఈ ఊళ్లో ఏదీ సరిగ్గా పనిచేయదు, నాతో సహా.

తప్పు నాదని చెబితే బోర్డు వాళ్లు "చూశారా, చదువరి నమ్మదగింది కాదు" అంటారు. సువార్తమ్మ కుర్చీ పోతుంది. చెప్పకపోతే "చూశారా, చూపులేని మనిషి" అంటారు. అప్పుడూ పోతుంది. ఎటు చూసినా ఆమె కుర్చీయే పోతున్నప్పుడు నేను నోరు మూసుకోవడం ఎవరి మేలు కోసం? ఈ ప్రశ్నకి జవాబు నాకు బాగా తెలుసు.

మే 18

వెళ్లి చెప్పేశాను.

"తప్పు సువార్తమ్మది కాదు సార్. నాది. పరీక్ష చేసేటప్పుడు తువ్వాలు ఎత్తాను."

పున్నారావు గారు కలం పక్కన పెట్టాడు. "ఏ తువ్వాలండీ?"

వివరించాను. హనుమాయమ్మ గారి దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆయన కాగితం తీశాడు. అందులో లోపానికి మూడు గళ్లు ఉన్నాయి: యంత్ర లోపం, మానవ లోపం, దైవికం. కాసేపు కలం పట్టుకుని ఆలోచించి, నాలుగో గడి గీసి, "తువ్వాలు లోపం" అని రాశాడు.

వెళ్లినవాణ్ణి ఊరికే వెళ్లకుండా, గేట్ల యంత్రం తనలో నమోదు చేసుకున్న లెక్క కూడా తీసుకెళ్లాను. తర్ఫీదు మొదలైన దగ్గర్నుంచీ బ్రహ్మయ్య ఏడుసార్లు ఒక వీధి అనుకుని ఇంకో వీధి తెరిచాడు. వేలు దిగేలోపు వరస జరిగిపోతుంది మరి. ఒకసారి ఎనిమిదో వీధికి నలభై నిమిషాలు గాలి లేదు. పచ్చదీపం చూసుకున్నాడు, గొట్టంలో అడగలేదు. ఉక్కపోత అనుకుని ఎనిమిదో వీధి వాళ్లు విసనకర్రలు ఊపుకున్నారు.

"ఏడుసార్లు సార్. ఆయన మీద విచారణ లేదేం?"

"అది అలవాటు పడే దశ."

"సువార్తమ్మది?"

"అది వేరండీ" అన్నాడు పున్నారావు గారు ఓపిగ్గా. "బ్రహ్మయ్య చూసి తప్పు నొక్కాడు."

నా మీద చర్య ముప్పై తర్వాత ఉంటుందన్నారు. చీటీల పట్టిక రద్దు. చదువరితో కొత్తగా ఏం చేసినా అది కంపెనీ ప్రోగ్రాం లోపలే ఉండాలట. అంటే నిహారిక చెయ్యాలి. పన్నెండు రోజులు మిగిలాయి.

మే 20

నిహారికకి ఫోను చేశాను. అడగందే అమ్మైనా పెట్టదు కదా. కానీ ఈసారి పేర్లు పెట్టమని అడగలేదు.

"నీ దగ్గర చున్నీ ఉందామ్మా?"

"ఉంది సార్. ఎందుకు?"

"తెర మీద కప్పు. చదువరి పెట్టుకో. ప్రాణదర్శినిలో ఏదో ఒక వీధికి, నీకిష్టమైన వీధికి, గాలి ఇవ్వు. చున్నీ ఎత్తొద్దు. ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు."

నవ్వుతూ మొదలుపెట్టింది. నాకు ఫోనులో మీటల చప్పుడు వినపడుతోంది. "చిత్రం. ఖాళీ. చిత్రం. ఖాళీ." నవ్వు కాసేపటికి ఆగింది. ఆ తర్వాత నిట్టూర్పులు. పది నిమిషాలయ్యాక గొంతు సన్నగా వచ్చింది.

"సార్, గాలి సంగతి తర్వాత. దీంట్లోంచి బయటికి ఎలా రావాలో కూడా తెలియడం లేదు. మూడేళ్లు కష్టపడి చేశాను సార్ దీన్ని."

నాకు జాలి వేసింది. కానీ పదకొండు నిమిషాల సంగతి చెప్పాను, కోళ్ల సంగతీ చెప్పాను. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదట. కొండమీద గాలి ఊరికే వస్తుంది, వంతు అంటే ఏంటో వాళ్లకి ఎవరు చెబుతారు?

"పేర్లు లోపలే పెడతాను" అంది. "మేనేజర్‌ని అడగను. అడిగితే మీటింగ్ పెడతాడు. కానీ సార్, ఏం పేర్లు పెట్టాలి?"

మంచి ప్రశ్న. ఈ ఊళ్లో దానికి జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కతే.

మే 21

సువార్తమ్మ ఇంటికి వెళ్లాను. గడప దగ్గరే నిలబడి, "అక్కా, పేర్లు కావాలి" అన్నాను. క్షమించమని అడగాలని బయల్దేరాను. నోట్లోంచి వచ్చింది ఇది.

"కూర్చో మస్తానూ" అంది.

ఫోనులో నిహారిక, గుమ్మంలో నేను, మంచం మీద ఆమె. గంటన్నరలో యాభై నాలుగు మీటలకీ పేర్లు చెప్పింది. కాగితం లేదు, తడబాటు లేదు.

"ముందు వీధి పేరు చెప్పాలమ్మా" అంది నిహారికతో. "తర్వాత తెరిచుందో మూసుందో. ఆ తర్వాత ఇంకా ఎన్ని నిమిషాలుందో. అంతే. ఆకులొద్దు, సూర్యుడొద్దు."

"వరసలు జరిగినప్పుడు ఎలాగండీ?"

"జరిగితే జరగనీ. పేరు దాని ఒంటి మీదే ఉంటే యాడికి జరిగితే నాకేంది? నువ్వు ఇల్లు మారితే నీ పేరు మారిద్దా?"

నిహారిక అటువైపు టకటకా రాసుకుంటున్న చప్పుడు. నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ల అనుభవంతో నేను పేర్లని చోటుకి కట్టాను, మీటకి కట్టలేదు.

వచ్చేటప్పుడు ధైర్యం చేసి, "అక్కా, ఆ రోజు నీ చెయ్యి తప్పలేదు" అన్నాను.

"తెలుసులే" అంది. "పో, పని చూసుకో."

మే 27

నిహారిక ఇరవై మూడునే కొత్త ప్రోగ్రాం పంపింది. తువ్వాలు కప్పాను. వంతులు నడుస్తుండగానే తొమ్మిది వీధులకీ ఒక్కోదానికి ఫోను చేసి అడిగాను. నాలుగు రోజులు పట్టింది. నాలుగో వీధికి మూడుసార్లు చేశాను. వాళ్లు విసుక్కుని, "అందింది మేస్త్రీ, నువ్వు ఇంకోసారి చేస్తే గాలికంటే ముందు మేమే నీ మీదికొస్తాం" అన్నారు. తువ్వాలు ఎత్తలేదు. ఎత్తాలని చాలాసార్లు అనిపించింది.

మే 30

పరీక్ష. బోర్డు మొత్తం వచ్చింది. పున్నారావు గారు గౌరవ సూచకంగా సువార్తమ్మ ముందు తెర వెలుగు పూర్తిగా పెంచమన్నాడు. ఆమె తల తిప్పి, "ఏందయ్యా మొహానికి సెగ తగులుతంది" అంది.

నియమం ప్రకారం బ్రహ్మయ్యకి కూడా అదే పరీక్ష. ఆయన ముందు కూర్చున్నాడు. ఐదో వీధి తెరవబోతే ఆరో వీధి తెరుచుకుంది. ఏమీ జరగనట్టు దగ్గి, మళ్లీ నొక్కాడు. బోర్డు కూడా ఏమీ జరగనట్టు దగ్గింది.

తర్వాత సువార్తమ్మ. చెంబు పక్కన పెట్టుకుని కూర్చుంది. "ఒకటో వీధి, మూసి ఉంది, వంతు వచ్చింది" అంది చదువరి. నొక్కింది. చెంబు. "అందిందా?" "అందింది." రెండు. మూడు. నాలుగో వీధి దగ్గర నేను తువ్వాలు రెండు చేతులా పట్టుకున్నాను. తెర మీద వరసలు కిందామీదా అవుతున్నాయి. "నాలుగో వీధి, మూసి ఉంది, వంతు వచ్చింది." ఆమె నొక్కింది. చెంబు రెండు దెబ్బలు.

"అందిందా?"

నేను కళ్లు మూసుకున్నాను.

"అందింది సువార్తమ్మా. మిగిలిన కోళ్లు కూడా అడిగినాయని చెప్పమన్నాయి."

గంటలో తొమ్మిది వీధులూ పూర్తి. ఒక్క తప్పు లేదు. పున్నారావు గారు లేచి, బోర్డు దూరదృష్టి వల్లనే ప్రాణదర్శినికి ఈ మాటల సౌకర్యం వచ్చిందని ఉపన్యాసం ఇచ్చాడు. సువార్తమ్మ కుర్చీ సువార్తమ్మకే ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది, తువ్వాలుతో తుడుచుకున్నాను. అన్నిటికీ పనికొస్తుంది ఆ గుడ్డ.

బయటికి వస్తుంటే బ్రహ్మయ్య నన్ను పక్కకి లాగాడు. "మేస్త్రీ, ఆ చెవిలో పెట్టుకునేది నాకూ ఒకటి ఇప్పించవా? కళ్లతో చూస్తే నమ్మబుద్ధి కావట్లా."

మే 31

నా మీద ఉత్తర్వు వచ్చింది. ఒక సంవత్సరం ఏ యంత్రం మీదా చెయ్యి వేయరాదు. రెండు కోళ్లు కొని ఇవ్వాలి. ఆరు నెలలు నాలుగో వీధిలో మాటల గొట్టం దగ్గర కూర్చుని, గాలి వచ్చినప్పుడల్లా జవాబు చెప్పాలి. బోర్డు వాళ్లకి ఇది శిక్షలా కనిపించింది. ఇంతకంటే న్యాయమైన ఉత్తర్వు వాళ్లు ఇవ్వగా నేను చూడలేదు.

సువార్తమ్మ పొద్దున తిరిగి కుర్చీలో కూర్చుంది. విచిత్రం ఏమిటంటే, చెడిపోయిన ముద్ర యంత్రం కూడా ఇవాళే బాగుపడింది. విచారణ నాటి పుట మొదలు నిన్నటి దాకా ఆగిపోయిన ముద్రలన్నీ పొద్దున ఆరూ పది నుంచి ఏడు లోపల ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి.

జూన్ 3

యంత్రం ముట్టుకోకపోయినా ఈ పుట రాస్తున్నాను. ఎందుకో చెబుతాను.

పొద్దున నాలుగో వీధిలో గొట్టం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. కొత్త కోళ్లు కాళ్ల దగ్గర తిరుగుతున్నాయి. ఆరున్నరకి మొహానికి చల్లగాలి కొట్టింది. గొట్టంలో చెంబు రెండుసార్లు మోగింది.

"అందిందా?"

"అందింది అక్కా."

మామూలుగా ఆమె తర్వాతి వీధికి పోవాలి. పోలేదు.

"మస్తానూ, నేను మొండిమనిషినా?"

ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. మే మూడో తారీకు పుటలో రాశాను.

"నువ్వు... పనిపుస్తకం..."

"గేట్ల యంత్రం మీద ఎవరు చెయ్యేసినా ఏం చేశారో కుర్చీలో ఉన్న లస్కరు తెలుసుకోవాలయ్యా. పాత నియమం. మిగతావాళ్లు చదవరు. నేను పంతొమ్మిదేళ్ల నుంచి పొద్దున రాగానే చదువరి పెట్టుకుని వింటన్నా. అందింది అని పెట్టేది నేనే. యంత్రం అనుకున్నావా?"

అంటే మే పన్నెండో తారీకు పుట కూడా విన్నది. తువ్వాలు ఎత్తానని, సరిపోయిందని నేను ధీమాగా రాసింది పదమూడో తారీకు పొద్దునే విన్నది. విన్నాక కూడా పద్నాలుగున వచ్చి కూర్చుంది.

"తెలిసి ఎందుకు కూర్చున్నావు అక్కా?"

"తప్పు ఉందో లేదో నాకూ తెలవదుగా. ఉంటే ముప్పయ్యో తారీకున బోర్డు ముందు పడే బదులు అప్పుడే పడటం మేలు. అందుకే ముందురోజే తొమ్మిది వీధులకీ చెప్పి ఉంచా, గాలి అందకపోతే మొహమాటపడకుండా అరవమని. కోళ్లకి చెప్పలేకపోయా, అదొక్కటే."

"మరి చెయ్యి తప్పిందని ఎందుకు చెప్పావు?"

గొట్టం అవతల ఆమె చెంబు కింద పెట్టిన చప్పుడు.

"చదువరి మీద తప్పు పడితే దాన్నే తీసిపారేస్తారు. బావి దగ్గర పనిచేసే అంజయ్యకీ చూపు లేదు, అదే దిక్కు. బళ్లో చూపులేని పిల్లలిద్దరికీ అదే దిక్కు. నా చెయ్యి మీద పడితే పోయేది నేనొక్కదాన్నే గదా. నువ్వు చెప్తావో లేదో చూద్దామనుకున్నా. మూడు రోజులు పట్టింది నీకు."

"అవును" అన్నాను.

"సరేలే. ఐదో వీధి ఎదురుచూస్తంది" అని ఆమె పోయింది.

సువార్తక్కా, ఇరవై రెండేళ్లలో ఈ ఒక్క పుట మాత్రం ఎవరో వింటారని తెలిసి రాస్తున్నాను. కాబట్టి సూటిగా నీకే రాస్తున్నాను. తువ్వాలు ఎత్తినందుకు కాదు, విచారణ నాడు నీ అబద్ధం వెనక మూడు రోజులు దాక్కున్నందుకు నన్ను క్షమించు. అది గడప దగ్గర చెప్పాల్సింది, చెప్పలేకపోయాను.

జూన్ 4, ఉదయం 6:10

అందింది.

ఒక తప్పు దిద్దుకో. నా చెంబు ఇత్తడిది అని రాశావు. అది కంచుది. ఇత్తడి అంతలా మోగదు. నువ్వు చూసి రాసినట్టున్నావు.